బండికి ఐదో చక్రం: ఎద్దుల కాడి నుంచి కంటైనర్ ట్రైలర్ దాకా

ఈ ఎపిసోడ్‌లో ఒక ఇనప పళ్లెం కథ చెప్పుకుందాం.

పలమనేరు నుంచి చిత్తూరు వైపు మొగిలి ఘాట్ దిగేటప్పుడు గ్రానైట్ దిమ్మెలతో పోయే ట్రైలర్లు కనిపిస్తాయి. ఎప్పుడైనా జాగ్రత్తగా చూశారా? ముందు ఇంజన్ ఉన్న బండి ఒకటి. వెనక సరుకు మోసే ట్రైలర్ ఇంకొకటి. రెండూ వేరువేరు బండ్లు. మరి వాటిని కలిపి పట్టుకునేది ఏంది? ట్రైలర్ అడుగున ఉండే ఒకే ఒక్క పిన్ను. దాన్ని కింగ్‌పిన్ అంటారు. దాని మందం రెండు అంగుళాలు, లేదంటే మూడున్నర అంగుళాలు. అంతే! ఆ పిన్నును దవడల్లో బిగించి పట్టుకునే పళ్లెం పేరే ఫిఫ్త్ వీల్. అంటే ఐదో చక్రం.

కొత్త ఫిఫ్త్ వీల్ ఖరీదైన వస్తువు. ఒకటో రెండో ట్రైలర్లున్న చిన్న ఓనర్లు చాలామంది సెకండ్ హ్యాండ్‌ది కొని, బాగు చేయించి బిగించుకుంటారు. అది తప్పేం కాదు. కానీ ఏది కొనొచ్చు, ఏది ముట్టుకోకూడదు అన్నది తెలియాలి. అది తెలియాలంటే ఈ వస్తువు ఎట్లా పుట్టిందో కొంచెం తెలుసుకోవాలి.

ముందు పేరు సంగతి. ఇది చక్రమే కాదు కదా, ఐదో చక్రం అని ఎందుకన్నారు?

మన ఎద్దులబండి తీసుకోండి. రెండు చక్రాలు, ఒక ఇరుసు, ముందుకు చాచిన నొగలు, వాటి చివర కాడి. ఎద్దులు ఎటు తిరిగితే బండి అటు తిరుగుతుంది. చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర ఒక సీల. జట్కా కూడా అంతే, రెండు చక్రాలే. తిరగడం అనేది సమస్యే కాదు.

సమస్య నాలుగు చక్రాల బండితో మొదలవుతుంది. మన ఊళ్లలో రథోత్సవం చూడండి. రథం వీధి మూలకు వచ్చిందంటే ఎంత హడావుడి! చక్రాల కింద చెక్కలు వేసి, తాళ్లు సర్ది, మెల్లమెల్లగా మళ్లిస్తారు. ఎందుకంటే ముందు ఇరుసు కదలదు. నాలుగు చక్రాలూ నేరుగానే పోతామంటాయి.

యూరప్‌లో గుర్రపు బండ్లు చేసేవాళ్లు దీనికో ఉపాయం కనిపెట్టారు. ముందు ఇరుసుకూ బండికీ మధ్య ఒక గుండ్రటి ఇనప చట్రాన్ని పడుకోబెట్టారు. దాని నడుమ ఒక పిన్ను. ఇప్పుడు ఇరుసు మొత్తం ఆ పిన్ను చుట్టూ తిరుగుతుంది. నేల మీద దొర్లే చక్రాలు నాలుగు, పైన పడుకున్నది ఐదోది. అందుకే ఆ పేరు. గుర్రాలు పోయినా పేరు పోలేదు.

ఇప్పుడు అమెరికా పోదాం. 1890ల చివర్లో క్లీవ్‌లాండ్‌లో అలెగ్జాండర్ వింటన్ అనే కార్ల తయారీదారుకు ఒక చిక్కు వచ్చింది. అమ్ముడైన కార్లను కొన్నవాళ్ల దగ్గరికి చేర్చడమెట్లా? నడుపుకుంటూ తీసుకుపోతే కొత్త కారు దారిలోనే పాతదైపోతుంది. అందుకని ఒక కారు వెనక భాగం మీద ఆనుకునేలా ఒక బండి చేయించి, దాని మీద ఇంకో కారును ఎక్కించి పంపాడు.

1914లో డెట్రాయిట్‌లో ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి దగ్గరికి ఫ్రెడరిక్ సిబ్లీ అనే కలప వ్యాపారి వచ్చాడు. నా పడవను ఫోర్డ్ మోడల్ టీ కారుతో లాక్కుపోవాలి, ఏదైనా చేసి పెట్టు అన్నాడు. ఫ్రూహాఫ్ చేసిన బండికి ముందు చక్రాలు లేవు. దాని ముందు బరువంతా లాగే బండి మీదే పడుతుంది. దానికాయన సెమీ ట్రైలర్ అని పేరు పెట్టాడు. తర్వాత సిబ్లీ కలప మోయడానికి కూడా అట్లాంటివే చేయించుకున్నాడు. ఆ కాలంలోనే చార్లెస్ మార్టిన్ అనే ఇంజనీరు, గతుకుల్లో ముందుకూ వెనక్కూ ఊగే ఫిఫ్త్ వీల్ తయారుచేశాడు. ఇంకొన్నాళ్లకు, రివర్స్‌లో వచ్చి ట్రైలర్ కిందికి దూరితే తమంతట తామే లాక్ అయ్యే దవడలు వచ్చాయి.

దీంతో వ్యాపారమే మారిపోయింది. ఒక ఇంజన్ బండి, మూడు ట్రైలర్లు. ఒకటి లోడ్ అవుతూ ఉంటే, ఇంకొకటి అన్‌లోడ్ అవుతూ ఉంటుంది, మూడోది రోడ్డు మీద ఉంటుంది. ఇంజన్ ఖాళీగా నిలబడే పని లేదు.

మన దగ్గర 1948లో మద్రాసులో అశోక్ మోటార్స్ పుట్టింది, 1955లో అది అశోక్ లేలాండ్ అయింది. 1954 నుంచి జంషెడ్‌పూర్‌లో టాటా వాళ్లు బెంజ్ లారీలు చేశారు. కానీ చాలాకాలం ఒకే చాసిస్ మీదుండే లారీలదే రాజ్యం. కథ మలుపు తిప్పింది కంటైనర్. 1956లో అమెరికాలో మాల్కమ్ మెక్‌లీన్ అనే ట్రక్కుల ఓనర్ 58 కంటైనర్లను ఓడ మీద పంపాడు. 1983లో మద్రాసు పోర్టులో కంటైనర్ టెర్మినల్ మొదలైంది. 2008లో మన సత్యవేడు దగ్గర శ్రీసిటీ వచ్చింది. 2016లో అక్కడ ఇసుజు ఫ్యాక్టరీ తెరిచారు. ఇప్పుడు తడ దగ్గర హైవే మీద కొత్త బండ్లు మోసుకుపోయే కార్ క్యారియర్ కనిపిస్తే వింటన్‌ను గుర్తుచేసుకోండి. ఆయనకొచ్చిన చిక్కే ఇది, తీర్చిన పద్ధతీ అదే.

ఇక్కడొక ముఖ్యమైన మాట. ప్రపంచమంతా కింగ్‌పిన్‌ను రెండు సైజుల్లోకి తెచ్చారు: 50.8 మిల్లీమీటర్లు, సుమారు 89 మిల్లీమీటర్లు. ఒక కంపెనీ పిన్ను ఇంకో కంపెనీ పళ్లెంలో కూర్చుంటుంది, సైజు ఒకటైతే చాలు. ఈ కొలతలు ఒకటి కావడం వల్లే సెకండ్ హ్యాండ్ మార్కెట్ సాధ్యమైంది. అందుకే విజయవాడ ఆటోనగర్‌లోనో, చెన్నై పుదుపేటలోనో పాత బండి నుంచి విప్పిన సామాను ఇంకో బండికి పనికొస్తుంది.

సరే, కొనడానికి పోయాం. ఏం చూడాలి?

మొదట పళ్లెం మీద తయారీదారు ప్లేటు ఉందా చూడండి. మోడల్, సైజు, ఎంత బరువు మోస్తుందో దాని మీద ఉంటాయి. 2018లో కేంద్రం యాక్సిల్ బరువు పరిమితులు పెంచింది, మామూలు నాలుగు టైర్ల యాక్సిల్‌కు 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు. కాబట్టి మీ లోడుకు ఆ పళ్లెం సరిపోతుందా అన్నది ప్లేటు చూస్తేనే తెలుస్తుంది. ప్లేటు లేకపోతే వదిలేయండి. బిల్లు అడగండి. బిల్లు లేని సామాను ఎక్కడి నుంచి ఊడదీసిందో ఎవరికీ తెలియదు.

రెండోది, కొత్త పెయింట్ మెరుస్తా ఉంటే సంతోషపడకండి. పగుళ్లు దాక్కునేది దాని కిందే. గ్రీజు, పెయింట్ మొత్తం గీకించి చూడాలి. పిన్ను దూరే గొంతు దగ్గర, పళ్లెం స్టాండు మీద కూర్చునే చెవుల దగ్గర, బోల్టు రంధ్రాల చుట్టూ చూడాలి. కంటికి కనపడని పగులును బయటపెట్టే డై స్ప్రే దొరుకుతుంది, లేత్ షెడ్డు వాళ్లకు తెలుసు. పగులు ఉంటే వెల్డింగ్ చేయిస్తా అనొద్దు. వెల్డింగ్ వేడికి చుట్టూ ఉన్న లోహం బలం మారిపోతుంది. అతుకు పైకి బాగానే ఉంటుంది, పక్కనే విరుగుతుంది.

మూడోది అరుగుదల. దీనికి భయపడక్కర్లేదు. దవడలు, లోపలి రింగు, స్ప్రింగులు, స్టాండు రబ్బరు బుష్‌లు... ఇవన్నీ అరిగిపోవడానికే చేసినవి. మార్చుకోవడానికి కిట్లు దొరుకుతాయి. పాత బోల్టులు మాత్రం మళ్లీ వాడొద్దు. కంపెనీ చెప్పిన గ్రేడు కొత్తవి వేసి, టార్క్ రెంచ్‌తో బిగించాలి.

నాలుగోది చాలామంది మర్చిపోయేది, ట్రైలర్ కింగ్‌పిన్. పళ్లెం బాగు చేసి అరిగిన పిన్ను వదిలేస్తే ఏం లాభం? 50.8 పిన్ను 49కి, 89 పిన్ను 86కి వచ్చిందంటే మార్చాల్సిందే. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు కొట్టిన ప్రతిసారీ ట్రైలర్ ముందుకు తోస్తుంది. పిన్నుకూ దవడకూ మధ్య సందు ఉంటే ఆ తోపు సుత్తి దెబ్బ అవుతుంది. మొగిలి ఘాట్‌లోనైనా, భాకరాపేట ఘాట్‌లోనైనా ఆ దెబ్బలు ఎన్ని పడతాయో లెక్కేసుకోండి. ముందర పోయే బైకు వాడికి, ఎదురుగా వచ్చే బస్సుకు ఆ సందు సంగతి తెలియదు.

బిగించాక ప్రతి ట్రిప్పుకూ రెండు నిమిషాల పని. పళ్లెం, ట్రైలర్ మధ్య సందు లేకుండా ఆనిందా? టార్చ్ వేసి చూడండి, దవడలు పిన్ను చుట్టూ మూసుకున్నాయా? హ్యాండిల్ పూర్తిగా లోపలికి పోయిందా? తర్వాత ట్రైలర్ బ్రేకులు వేసి, చిన్న గేరులో ముందుకు మెల్లగా లాగి చూడండి. ఇక గ్రీజు. ఇనుము మీద ఇనుము తిరిగే పళ్లేనికి గ్రీజు లేకపోతే మలుపులో స్టీరింగే బరువెక్కుతుంది. మన తాతలు ఇరుసుకు కందెన పెట్టకుండా బండి కట్టేవాళ్లు కాదు. ఆ అలవాటు ఇక్కడా పనికొస్తుంది.

మొత్తం కథలో గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. అరిగినదాన్ని మార్చుకోవచ్చు, పగిలినదాన్ని అతికించకూడదు. ఈ తేడా తెలిసినవాడు పాత సామానుతో డబ్బు మిగుల్చుకుంటాడు. తెలియనివాడు మిగిల్చిన డబ్బుకు రోడ్డు మీద ఇంకెవరో మూల్యం కట్టాల్సి వస్తుంది.

మీ ఇంట్లో, మీ వీధిలో ట్రైలర్ నడిపే అన్నలుంటే ఈ ఎపిసోడ్ వాళ్లకు పంపండి. మళ్లీ కలుద్దాం, నమస్తే.