ఇన్‌సామ్నియా అంటే ఏంటి? రాత్రంతా రీల్స్ చూస్తే ఇన్‌సామ్నియా వచ్చినట్టేనా?

రాత్రి రెండింటి దాకా రీల్స్ చూస్తాం. పొద్దున్నే మండే కళ్లతో లేచి 'నాకు ఇన్‌సామ్నియా' అని స్టేటస్ పెట్టేస్తాం. కానీ ఆ పదానికి అర్థం అది కాదు. మరి అసలు అర్థం ఏంటి? ఎప్పుడు వాడాలి?

పదం ఎక్కడిది?
ఇది లాటిన్ నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిన పదం. 'ఇన్' అంటే లేకపోవడం, 'సోమ్నస్' అంటే నిద్ర. రోమన్ల నిద్ర దేవుడి పేరు కూడా సోమ్నసే.

తేడా ఇదే..
తెలుగులో చెప్పుకుంటే ఈజీగా అర్థమవుతుంది. 'నిద్రపోలేదు' వేరు, 'నిద్ర పట్టలేదు' వేరు. శివరాత్రి జాగారం, నైట్ షిఫ్ట్, పరీక్షల చదువు, ఫోన్.. ఇవన్నీ నిద్రపోకపోవడం కిందకే వస్తాయి. దీన్ని 'స్లీప్ డిప్రివేషన్' అంటారు. పడుకునే టైమ్ ఉన్నా, లైట్ ఆపి పడుకున్నా నిద్ర రాకపోవడం ఇన్‌సామ్నియా. మధ్యలో మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోవడం, తెల్లారకముందే మెలకువ వచ్చేయడం కూడా అదే. తెలుగులో రెండింటినీ 'నిద్రలేమి' అనే అంటుండటంతో కన్ఫ్యూజన్ వస్తోంది.

ఎలా వాడాలి?
'ఐ హ్యావ్ ఇన్‌సామ్నియా' కరెక్ట్. 'ఐ యామ్ ఇన్‌సామ్నియా' తప్పు. ఈ సమస్య ఉన్న మనిషిని 'ఇన్‌సామ్నియాక్' అంటారు. ఒక్క రాత్రి నిద్ర పట్టకపోతే 'ఐ కుడ్‌న్ట్ స్లీప్ లాస్ట్ నైట్' అంటే సరిపోతుంది. క్రిస్టఫర్ నోలన్ 2002లో తీసిన సినిమా పేరు కూడా 'ఇన్‌సామ్నియా'నే. రాత్రి కూడా సూర్యుడు అస్తమించని అలాస్కా ఊళ్లో, నిద్ర పట్టక నలిగిపోయే పోలీస్ డిటెక్టివ్‌గా అల్ పచినో నటించారు.

తేడా ఎందుకు తెలియాలి?
రెండింటికీ పరిష్కారం ఒకటి కాదు. రీల్స్ వల్ల నిద్ర తగ్గితే ఫోన్ పక్కన పెట్టి పడుకుంటే చాలు. కానీ వారానికి కనీసం 3 రాత్రులు నిద్ర పట్టక, పగలు పనులకూ ఇబ్బందవుతూ, ఇది 3 నెలలు సాగితే డాక్టర్లు దీర్ఘకాలిక ఇన్‌సామ్నియాగా చూస్తారు. దీనికి మొదట సూచించేది నిద్ర మాత్రలు కాదు. ఆలోచనలు, పడక అలవాట్లు మార్చే 'సీబీటీ-ఐ' అనే థెరపీ. మెడికల్ షాపులో అడిగి సొంతంగా మాత్రలు వేసుకోవద్దు.

ఇంట్లో అమ్మో నాన్నో 'నిద్ర పట్టట్లేదురా' అంటే 'ఫోన్ ఎక్కువ చూస్తున్నావ్' అని కొట్టిపారేయకండి. ఎన్నాళ్ల నుంచి అని ఒక్కసారి అడగండి.