కలప లేని కప్పు

ఎండదేశములలో గోడ కట్టుట సులభము. కప్పు వేయుటయే కష్టము. గోడకు వలసిన మట్టి కాలిక్రిందనే యున్నది. కప్పునకు దూలములు కావలయును. ఎడారిలో చెట్లెక్కడివి? ధనవంతుడు ఇనుపకమ్ములును సిమెంటును కొని పలుచని పలక వేయించుకొనును. ఆ పలక మధ్యాహ్నమునకు పెనమగును. రాత్రి రెండుజాములకు గాని చల్లారదు. దాని క్రింద వంట చేయు ఇల్లాలి గతియు, ఉయ్యాలలోని బిడ్డ గతియు మేము వర్ణింపనక్కరలేదు. దూలమునకు సొమ్ములేని పేదవాని గతి యేమి? ఈ ప్రశ్నకు ఈజిప్టుదేశమున దొరికిన యొక ప్రత్యుత్తరమును, దానికి పట్టిన గతిని చదువరులకు తెలుపదలచితిమి.

హసన్ ఫాతీగారు 1900 లో అలెగ్జాండ్రియానగరమున సంపన్నుల యింట జన్మించి, కైరోలో గృహనిర్మాణశాస్త్రమును చదివినవారు. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇనుమును కలపయు దొరకకపోగా, వారు 1941 లో కైరో సమీపమందలి బహ్తీం వ్యవసాయక్షేత్రమున మట్టియిటుకలతోనే కమానుకప్పులను వేయింపజూచిరి. కలపసారువ లేక కట్టిన యా కప్పులు కూలిపోయినవి. అప్పుడు అస్వాన్ ఆనకట్ట పనులలో నుండిన వారి సోదరుడు, ఆ ప్రాంతపు నూబియనులు సారువ లేకయే కప్పులు వేయుదురని చెప్పెను. ఫాతీగారు పోయి చూడగా మాట నిజమయ్యెను. కళాశాలలో నేర్పని విద్య పల్లెలోని మేస్త్రులకు తెలిసియుండెను.

ఆ పని తీరు వినదగినది. గదికి మూడువైపుల గోడలు లేపి, నాలుగవదైన వెనుకగోడను మిగిలినవానికంటె ఎత్తుగా కట్టుదురు. దానిమీద మేస్త్రి కొలబద్ద లేక, దారము లేక, కంటిచూపుతోనే కమానురేఖను మట్టితో దిద్దును. కప్పునకు వాడు ఇటుకలు వేరు. గడ్డి యెక్కువ కలిపి తేలికగా చేసినవి. ఒక ముఖమున వ్రేళ్లతో గాట్లు పెట్టుటచే అవి తడిమట్టిని పట్టుకొని జారవు. మొదటి వరుసను నిలువుగా గాక వెనుకగోడకు ఏటవాలుగా ఆనించుదురు. రెండవది మొదటిదానిపై ఒరగును, మూడవది రెండవదానిపై. ప్రతి వరుసకు వెనుకటి వరుసయే ఆధారము; కావున క్రింద కొయ్యతో పనిలేదు. మూడు మీటర్ల వెడల్పును నాలుగు మీటర్ల పొడవును గల గదికి ఇద్దరు మేస్త్రులు ఒకటిన్నర దినములో కప్పు వేసిరట! ఇది క్రొత్త విద్యయు గాదు. లుక్సార్ నగరమున కెదురుగా నైలునదికి పడమటిగట్టున రామ్సెస్ చక్రవర్తి ఆలయము చెంత ఇట్టి కప్పులుగల ధాన్యపుకొట్లు సుమారు మూడువేల రెండువందల యేండ్ల నాటివి నేటికిని నిలిచియున్నవి.

ఇక చల్లదనము మాట. దళసరి మట్టిగోడలో ఎండవేడిమి మెల్లమెల్లగా నడచును. అది లోపలి ముఖమునకు చేరులోపల ప్రొద్దు క్రుంకి బయట చలిగాలి వీచును. వంపుకప్పునందు సూర్యుడు నడినెత్తికి రానంతవరకు ఒకవైపు నీడ యుండును. వేడిగాలియు పైకి తేలిపోవును. మన మండువాయిండ్లవలె నడుమ ఆకాశమునకు తెరచిన ముంగిలిలో రాత్రివేళ చల్లనిగాలి దిగి, ప్రొద్దెక్కువరకు నిలిచియుండును. వీనికితోడు మల్ఖఫ్ అను నిర్మాణ మొకటి కలదు. మన దేవాలయముల గాలిగోపురములకు పేరే గాని గాలితో పనిలేదు. ఇది నిజముగా గాలిని పట్టు గోపురము. ఇంటిపై ఉత్తరపుగాలి కెదురుగా నోరు తెరచుకొనియుండి, దుమ్ములేని పైగాలిని గదిలోనికి దింపును. దాని దారిలో నీరూరు మట్టికూజాల నుంచినచో ఆ గాలి మరింత చల్లబడును. కైరోలోని 14వ శతాబ్దపు భవనములయందు ఇవి నేటికిని కానవచ్చును. ఫాతీగారు ఖార్గా ఒయాసిస్సులోని బారిస్ గ్రామపు సంతలో నేలక్రింది కొట్లకు ఇట్టివే అమర్చి, కూరగాయలను చెడకుండ నిలుపజూచిరి. 1967 లో యుద్ధము వచ్చి ఆ పని నిలిచిపోయెను.

వారికి పేరు తెచ్చినది మాత్రము గుర్నా గ్రామము. రామ్సెస్ కొట్లున్న ఆ పడమటిగట్టుననే, ప్రాచీనప్రభువుల సమాధులపై ఇండ్లు కట్టుకొని సుమారు ఏడువేలమంది నివసించుచుండిరి. త్రవ్వకములలో కూలియు, సమాధులలో దొరికిన వస్తువుల రహస్యవిక్రయమును వారి జీవనాధారములు. వారిని దిగువపొలములకు తరలింప ప్రభుత్వము నిశ్చయించి, క్రొత్తయూరిని కట్టు పనిని 1945 లో ఫాతీగారి కప్పగించెను. వారు అస్వాన్ మేస్త్రులను రప్పించి మసీదు, సంత, నాటకశాల, పాఠశాలలు, కొన్ని వీథుల యిండ్లు కట్టించిరి. జనులు రారైరి. ఒకసారి గట్టు తెంచి క్రొత్తయూరిపైకి నీరు విడిచిరి కూడ. 1948 నాటికి పని ఆగిపోయెను. వారిని దొంగలని నిందించుట సులభము. కాని చల్లని యింటికై నోటికూడును వదలుకొను సంసారి యెవ్వడు? ఇచట తప్పు మట్టిది గాదు.

మరియొక సంగతియందు మేము ఫాతీగారితో నేకీభవింపజాలము. ఇంటింటికి కొళాయి వచ్చినచో పల్లెటూరి స్త్రీకి నష్టము గలదనియు, నీటికై పోవుటయే ఆమెకు బయట తిరుగు అవకాశమనియు, కన్నెలు వరుల కంటబడుటకును అదియే మార్గమనియు వారు వాదించిరి. నిండుకడవను నెత్తిన మోసినవారు ఈ వాక్యమును వ్రాయరు. స్త్రీకి బయటిలోకము కావలెనన్న బడి యున్నది, సంత యున్నది. ఆమె మెడపై బరువు నుంచుట యెందులకు? ఇంటిగాలినిగూర్చి యంత సూక్ష్మముగా నాలోచించిన బుద్ధిమంతుడు ఇంటినీటివిషయమున ఇట్లు తప్పుటకు కారణము, ఆ యింటి స్త్రీ నోట వినక, ఆమె తరఫున తానే తలపోయుటయని మా యభిప్రాయము.

ఆ మేస్త్రుల జాతి కథ యింకను మిగిలియున్నది. అస్వాన్ ఆనకట్టను 1902 లో కట్టి, 1912 లోను 1933 లోను ఎత్తు పెంచినప్పుడెల్ల నూబియనుల పల్లెలు మునిగినవి. ప్రతిసారియు వారు పైగట్టున మరల ఇండ్లు లేపుకొనిరి. పిమ్మట మహానిరోధము కట్టబడుచుండగా వారి దేశమంతయు మునుగుట నిశ్చయమయ్యెను. 1964 మార్చిలో కైరోయందలి గృహనిర్మాణ పరిశోధనాలయమున రెండు గదులను కట్టి పరీక్షించిరి. ఒకటి యేబది సెంటీమీటర్ల మట్టియిటుక గోడయు కప్పును గలది. రెండవది పది సెంటీమీటర్ల సిమెంటుపలకలది. మట్టిగదిలో రేయింబగళ్లు ఉష్ణత 21 మొదలు 23 డిగ్రీలలోపలనే యుండెను. సిమెంటుగదిలో 36 వరకు పోయెను. అది బయటిగాలికంటె తొమ్మిది డిగ్రీలు అధికము! 1963 మొదలు 1964 వరకు, ఈ లెక్కలు కాగితముపై నెక్కుచుండిన కాలముననే, సుమారు ఏబదివేల నూబియనులను ప్రభుత్వము కోంఓంబో చెంతకు తరలించి, వరుసలుగా కట్టించిన సిమెంటుయిండ్లలో నుంచెను.