పెళ్ళి క్యాసెట్టూ, పాత వీసీఆరూ

చాలామంది ఇళ్ళల్లో బీరువా మీదో, మంచం కిందో ఓ నల్లటి పెట్టె ఉంటుంది. పాత వీసీఆర్. పారెయ్యడానికి మనసొప్పదు, ఉంచుకుంటే చోటు దండగ. ఎల్బీనగర్‌లోని మా ఇంట్లో ఉన్నదాన్ని ఈమధ్య బాగుచేయించాను. ఆ పని మీద తిరుగుతుంటే, అసలు ఈ పెట్టె మన ఇళ్ళకి ఎలా వచ్చింది, ఏం చేసి వెళ్ళింది అని ఆలోచన మొదలైంది. అదే ఇవాళ్టి కబురు.

జపాన్‌లో సోనీ వాళ్ళు 1975లో బీటామాక్స్ తెచ్చారు. మరుసటి ఏడాదే జేవీసీ వాళ్ళు వీహెచ్ఎస్ తెచ్చారు. పోటీలో రెండోదే గెలిచింది. మన దగ్గర ఉన్న లావుపాటి క్యాసెట్లు చాలామటుకు ఆ రకమే. హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది 1977లో. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల పుణ్యమా అని కలర్ టీవీలొచ్చాయి. వాటి వెనకే వీసీఆర్‌లు. దుబాయ్, మస్కట్ నుంచి సెలవుకొచ్చినవాళ్ళ సామానులో బంగారం, సెంటు సీసాల పక్కన ఇదీ దిగేది.

కొన్నవాళ్ళు తక్కువ, అద్దెకి తెచ్చుకున్నవాళ్ళు ఎక్కువ. టీవీ, డెక్కు, మూడు నాలుగు క్యాసెట్లు కలిపి ఒక రాత్రికి ఇంత అని ఇచ్చేవారు. ఇచ్చిన డబ్బు గిట్టుబాటు కావాలని తెల్లవార్లూ చూడాల్సిందే! దొంగ క్యాసెట్లు ఎంతగా పెరిగాయంటే, 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించి వీడియోలనీ అందులో చేర్చారు.

ఆడవాళ్ళకి మాత్రం ఇది పెద్ద మార్పే. హాలుకి వెళ్ళాలంటే వంట ముగించాలి, పిల్లల్ని ఎవరికైనా అప్పగించాలి, పెద్దవాళ్ళ అనుమతి కావాలి. బాలింతలూ, మోకాళ్ళ నొప్పుల అమ్మమ్మలూ సినిమా మాటే మర్చిపోయేవారు. వీడియో వచ్చాక వాళ్ళూ గోడకానుకుని కూర్చుని, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ సినిమా చూశారు.

ఆ తర్వాత వచ్చింది పెళ్ళి వీడియో. నా దృష్టిలో మనకి అసలైన చరిత్ర అక్కడే మొదలైంది. అప్పటిదాకా మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ గుర్తు అంటే స్టూడియోలో కొయ్యబొమ్మలా నిలబడి తీయించుకున్న ఫోటో ఒక్కటే. నడక లేదు, మాట లేదు. మన అమ్మమ్మ నవ్వితే ఎలా ఉండేదో మన పిల్లలకి ఎవరు చూపిస్తారు? పెళ్ళి వీడియోలో మొదటిసారి వాళ్ళు కదిలారు, కసిరారు, వియ్యపురాలి మీద జోకులేశారు.

నా పెళ్ళి 1991లో సూర్యాపేటలో అయింది. మా అమ్మ 1997లో పోయింది. అప్పటికి మా ఇంట్లో ఎవరి దగ్గరా సెల్‌ఫోన్ లేదు. ఆమె గొంతు మిగిలింది అంటే ఆ ఒక్క క్యాసెట్‌లోనే. అమ్మ మంగళహారతి బాగా పాడేది. వచ్చే మాఘంలో మా అమ్మాయి పెళ్ళి. ఆ హారతి దానికి వినిపించాలని నా ఆశ.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇప్పుడు ఏ సందులో చూసినా ఫోన్లు బాగుచేసే షాపులే. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, పైన మెట్రో. వీసీఆర్ అంటే కుర్రాళ్ళు నవ్వారు. చివరికి ఒక మెట్ల కింది కొట్లో అరవై దాటిన మెకానిక్ ఒకాయన మూత విప్పి చూసి, "అమ్మా, మిషను పోలే. రబ్బర్లు పోయినయ్ అంతే," అన్నారు.

ఆయన చెప్తుంటే నాకు వంటింటి యంత్రాలే గుర్తొచ్చాయి. క్యాసెట్‌ని లోపలికి లాగే బెల్టు సాగిపోయింది. రీలు తిప్పే చక్రానికున్న రబ్బరు, కుక్కర్ గ్యాస్కెట్‌లా గట్టిపడింది. గ్రీజు ముద్దకట్టింది. లోపల తళతళలాడే గుండ్రటి డ్రమ్ము ఉంది చూశారూ, దాని అడ్డకొలత 62 మిల్లీమీటర్లు. మన దేశపు వీసీఆర్‌లో నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. అరంగుళం టేపు దాని చుట్టూ ఏటవాలుగా చుట్టుకుని, సెకనుకి రెండు సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే కదులుతుంది. బొమ్మని చదివే హెడ్లు ఆ డ్రమ్ములోనే ఉంటాయి. కాస్త దుమ్ము పట్టినా తెర మీద చుక్కలే. వాటిని తుడిచేటప్పుడు పైకీ కిందికీ రుద్దకూడదట, విరుగుతాయి. మెత్తటి తోలు ముక్కని స్పిరిట్‌తో తడిపి ఆనించి పట్టుకుని, డ్రమ్మునే మెల్లగా తిప్పారాయన.

కొలతకి సరిపడే బెల్టు కోఠి గుజరాతీ గల్లీలో దొరికింది. అంతా బిగించాక నేను ఆత్రంగా పెళ్ళి క్యాసెట్ చేతికిచ్చాను. ఆయన తీసుకోలేదు. "ముందు పనికిరాని క్యాసెట్ ఇయ్యి అమ్మా. నమిలిందనుకో, మళ్ళ రాదు," అన్నారు. పైగా మా క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు అంచున తెల్లటి బూజు. అది తుడవకుండా నడిపితే హెడ్లకీ అంటుకుంటుందట. రెండు రోజులు పట్టింది ఆ పనికే.

మూడో రోజు బొమ్మ వచ్చింది. హారతి పళ్ళెంతో అమ్మ వచ్చింది. పెదవులు కదులుతున్నాయి. వినిపిస్తున్నది మాత్రం సినిమా పాట!

అప్పటి పెళ్ళి వీడియోల పద్ధతే అది కదా. మిక్సింగ్‌లో సినిమా పాట వేసేవారు. వీహెచ్ఎస్‌లో మామూలు శబ్దం టేపు పై అంచున సన్నటి గీతలా ఉంటుంది. అక్కడ కొత్త పాట ఎక్కిస్తే పాత గొంతు చెరిగిపోతుంది. ఏ మెకానిక్కూ తిరిగి తేలేడు. హారతి పాటలు, అప్పగింతల పాటలు, తలంబ్రాల దగ్గర వేళాకోళాలు ఎన్ని ఇళ్ళల్లో ఇలా పోయాయో! మన ఆడవాళ్ళ పాటల కంటే సినిమా పాటే బాగుంటుందని అందరూ అనుకున్న కాలమది.

నేను కళ్ళు తుడుచుకుంటుంటే ఆయన ఆపలేదు, నడవనిచ్చారు. మూడు గంటల టేపు. రెండో గంటలో వంటల దగ్గరి ముక్క వచ్చింది. అక్కడ పాట వెయ్యడం ఎవరికీ అవసరం అనిపించలేదు కాబోలు. లైటు పట్టుకున్న అబ్బాయితో అమ్మ అంటోంది, "బాబూ, ఆ లైటు అటు తిప్పు. పురుగులొచ్చి పప్పుల పడుతున్నయ్."

అంతే, పది క్షణాలు. మా అమ్మాయి దాన్ని ఫోన్‌లో వేసుకుని ఎన్నిసార్లు విన్నదో! "అమ్మా, నువ్వు నాన్నతో మాట్లాడేదీ ఇలాగే," అంది.

వీసీఆర్‌లు చివరిదాకా తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016లో మానేసింది. కొత్త హెడ్లు రావు. ఉన్న యంత్రాల్లోంచే విడిభాగాలు తీసుకోవాలి, బాగుచేసే చేతులేమో ముసలివవుతున్నాయి. కాబట్టి మీ బీరువా మీది పెట్టెని పాత సామాను వాడికి వెయ్యకండి. క్యాసెట్ ఎండ తగలని, తేమ లేని చోట నిలువుగా పెట్టండి. బూజుంటే ఇంట్లో నడపొద్దు. మూడు గంటల క్యాసెట్ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కాలంటే మూడు గంటలూ పడుతుంది, తొందరపెట్టకండి. ఎక్కాక పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని ఎవరెవరో పేర్లు రాసుకోండి. మా దాంట్లో అమ్మ పక్కన అరిటాకులు కోస్తున్న ఆకుపచ్చ చీర ఆవిడ ఎవరో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు మా పెద్దమ్మ ఒక్కరే. వచ్చే ఆదివారం సూర్యాపేట వెళ్తున్నాను.