తంతి మాటల నుండి బిట్ల వరకు

1858 ఆగస్టు 16వ తేదీన విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడగు బ్యుకానన్‌కు ఒక శుభాకాంక్ష పంపెను. అట్లాంటిక్ మహాసముద్రపు అడుగున పరచిన మొదటి తంతిమీద పోయిన ఆ సందేశములో ఇంచుమించు 100 మాటలున్నవి. అది ఆవలి తీరము చేరుటకు ఇంచుమించు 16 గంటలు పట్టినది. న్యూయార్కు నగరము బాణసంచా కాల్చి పండుగ చేసికొనినది. కాని గంటకు ఆరు మాటల తంతితో వ్యాపారమెట్లు సాగును?

ఈ నత్తనడకకు కారణము విలియం థామ్సన్ ముందే చెప్పియుండెను. సముద్రములోని తంతి ఒక పొడవైన విద్యుత్ పాత్ర వంటిది. అది నిండవలెను, మరల ఖాళీ కావలెను. అప్పుడే తరువాతి సంకేతము స్పష్టముగా తెలియును. ఈ ఆలస్యము తంతి పొడవునకు వర్గముగా పెరుగునని ఆయన 1850ల నడుమ గణితముతో చూపెను. పొడవు రెట్టింపైనచో ఆలస్యము నాలుగు రెట్లు. కంపెనీ విద్యుత్ నిపుణుడు వైల్డ్‌మన్ వైట్‌హౌస్ దీనిని నమ్మలేదు. తంతిలోనికి సుమారు 2,000 వోల్టుల ఒత్తిడి పంపెను. అంతకుముందే లోపములున్న ఆ తంతి సెప్టెంబరులో మూగవోయినది. థామ్సన్ కోరినది ఎక్కువ ఒత్తిడి కాదు, ఎక్కువ రాగి. మొదటి తంతిలో నాటికల్ మైలుకు 107 పౌనుల రాగి యుండగా, 1866లో నిలిచిన తంతిలో 300 పౌనులు పెట్టిరి. దానిపై నిమిషమునకు సుమారు 8 మాటలు పోయినవి. దాదాపు 80 రెట్ల వేగము! మార్గమును వేయకముందే దాని సామర్థ్యమును లెక్కకట్టవలెనను పాఠము ఇంత ఖరీదుగా నేర్చిన సందర్భములు అరుదు.

అయితే ఈ 'మాట' యనునది ఎంత? తెలుగువారికి ఈ ప్రశ్న మరింత బాగుగా తెలియును. 'రా' ఒక మాట. 'చెప్పవలసివచ్చినప్పటికిని' కూడ ఒక మాటే. తంతికి డబ్బు మాటల లెక్కన గనుక, వర్తకులు ఒక వాక్యమంతయు ఒకే మాటలో ఇముడునట్లు సంకేత పుస్తకములు కూర్చుకొనిరి. ఇంజనీర్లు మాత్రము సగటున ఐదు అక్షరములు, ఒక ఖాళీ, మొత్తము ఆరు గుర్తులు ఒక మాటయని లెక్కించిరి.

ఫ్రాన్సు దేశస్థుడు ఎమిల్ బోడో 1874లో పేటెంటు పొందిన పద్ధతిలో ప్రతి అక్షరమునకు ఐదేసి గుర్తులు. ఒక్కొక్క గుర్తు 'ఉన్నది', 'లేదు' అను రెండే స్థితులు గలది. తంతిపై సెకనుకు ఎన్ని గుర్తులు మారునో తెలుపు కొలతకు తరువాత ఆయన పేరిట 'బాడ్' అని పేరిడిరి. టెలెక్సు యంత్రముల వేగము 50 బాడ్. మరి సెకనుకు ఎన్ని అక్షరములు? 50ని 5తో భాగించి 10 అనిన విద్యార్థికి మార్కులు రావు. ప్రతి అక్షరమునకు ముందు 'మొదలు' అను ఒక గుర్తు, చివర 'ఆగుము' అను ఒకటిన్నర గుర్తుల కాలము కావలెను. అనగా మొత్తము 7.5. సెకనుకు 6.67 అక్షరములు, నిమిషమునకు 400, మాటలలో 66 పైచిలుకు. సందేశముతో పాటు దానికి కట్టిన మూట బరువు కూడ తంతి మోయవలెనన్నమాట.

1948లో క్లాడ్ షానన్ తన ప్రసిద్ధ వ్యాసములో సమాచారమును 'బిట్ల'లో కొలిచెను. ఆ పేరు జాన్ టూకీ సూచించినది. ఒక గుర్తుకు రెండే స్థితులున్నంతకాలము బాడ్, సెకనుకు బిట్లు ఒక్కటే. నాలుగు స్థితులున్నచో ఒక్కొక్క గుర్తు రెండు బిట్లు మోయును. అందుకే 1970లలో వచ్చిన 1,200 బిట్ల మోడెము నిజమునకు 600 బాడ్‌లదే. ఈ రెంటిని ఒకటిగా వ్రాయు పొరపాటు అచ్చు పుస్తకములలో సైతము కనిపించును.

టెలిఫోను గొంతును అంకెలుగా మార్చుటకు సెకనుకు 8,000 మార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 8 బిట్లలో వ్రాయుదురు: 64,000 బిట్లు. అమెరికాలో 1962లో వచ్చిన టీ-1 మార్గములో అట్టి గొంతులు 24. గుణించినచో 15,36,000 రావలెను. కాని దాని వేగము 15,44,000. మిగిలిన 8,000 ఆ వరుసల హద్దు గుర్తించుటకే. మరల మూట బరువే!

'బైటు' అను మాట 1956లో ఐ.బి.ఎం.లో వెర్నర్ బుక్‌హోల్జ్ పుట్టించినది. మొదట దానికి నిలకడయైన కొలత లేదు. 1964 నాటి సిస్టమ్/360 తరువాత 8 బిట్లుగా స్థిరపడినది. మార్గముల వేగమును బిట్లలో, దస్త్రముల పరిమాణమును బైట్లలో చెప్పు అలవాటు మాత్రము నిలిచిపోయినది. పైగా జ్ఞాపకశాల లెక్కలలో కిలో అనగా 1,024. మార్గము లెక్కలో ఎప్పుడును 1,000. మొదటిదానికి 1998లో 'కిబి' అని వేరు పేరు పెట్టిరి గాని, వాడువారు తక్కువ. గిగా వచ్చుసరికి ఈ తేడా నూటికి ఏడు దాటును.

ఈ లెక్కలో నేనే ఒకసారి తప్పితిని. మా ప్రయోగశాలలో 40 కంప్యూటర్లు. ఒక్కొక్కటి 15 మెగాబైట్ల పాఠమును దింపుకొనవలెను. మార్గము సెకనుకు 10 మెగాబిట్లు. 600ను 10తో భాగించి, ఒక నిమిషము చాలునని విద్యార్థులకు ధైర్యముగా చెప్పితిని. ఐదు నిమిషములు గడచినను పాఠము రాలేదు. వెనుక బల్లమీది ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, ఎనిమిదితో గుణించారా?" అని అడిగినది. 600 మెగాబైట్లనగా 4,800 మెగాబిట్లు. 480 సెకనులు, అనగా 8 నిమిషములు. ప్రతి పొట్లమునకు అంటించు చిరునామాల బరువు నూటికి సుమారు ఐదు పాళ్లు అదనము.

అదంతయు ఒక్క నిమిషములో కావలెనన్నచో 80 మెగాబిట్లకు పైబడిన మార్గము కావలెను. అంత సొమ్ము మాకు లేదు. మరునాటి నుండి పదేసి మందిని ఒక జట్టుగా చేసితిమి. ఒక జట్టుకు 1,200 మెగాబిట్లు, అనగా రెండు నిమిషముల పైన కొద్ది సెకనులు. ఒక జట్టు దింపుకొనుచుండగా తక్కిన మూడు జట్లు నల్లబల్ల మీద ఈ లెక్కనే చేయుచున్నవి.