సారా అంగళ్లు మూయించిన స్త్రీలు

మన వార్షికసభల సంచికలయందు వంశవృత్తాంతములకును, సత్రములు కట్టించిన దాతల చరిత్రములకును కొఱత లేదు. దెబ్బలతో పుట్టినింటికి మరలివచ్చిన ఆడుబిడ్డల ప్రసక్తి మాత్రము వానిలో అరుదు. అది యింటిగుట్టని మన పెద్దలెంచిరి. ఆ గుట్టును వీథికి దెచ్చి ప్రభుత్వముచేత సమాధానము చెప్పించిన స్త్రీల వృత్తాంతము మన పొరుగుననే జరిగినది.

మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు 1970 వఱకు కర్నూలు జిల్లాలోనివి. కనిగిరి, పొదిలి తాలూకాలు నెల్లూరు జిల్లాలోనివి. ఆ యేట ఇవి యొక్క క్రొత్త జిల్లాలో జేరినవి గాని, నెల్లూరు మెట్టసీమతో మనవారి బాంధవ్యములు తెగలేదు. వానలు తక్కువ, బ్రతుకు కూలిపై, ఉభయప్రాంతముల కష్టమొక్కటే. వారుణివాహిని యను ప్రభుత్వపథకముచే సారా ప్యాకెట్లు పల్లెపల్లెకు వచ్చెను. వేలములో అధికధనము చెల్లించిన గుత్తదారులు దానిని కూలివారినుండియే రాబట్టవలసియుండిరి. సాయంకాలమునకు కూలిడబ్బు అంగడికి బోయెను. రాత్రికి దెబ్బలు ఇంటికి వచ్చెను.

భర్త క్రూరత్వమును శిక్షించుటకై 1983లో శిక్షాస్మృతియందు 498-ఏ సెక్షను చేర్చబడినది. చట్టము మంచిదే. కాని రెక్కాడినగాని డొక్కాడని యిల్లాలు పని మానుకొని ఠాణాకు బోవుటెట్లు? పోయి ఫిర్యాదు చేసినను, మఱునాడు అదే యింటికిగదా రావలెను!

1991లో నెల్లూరు జిల్లాయందు అక్షరదీపమను పేర వయోజనులకు చదువు నేర్పు కార్యక్రమము సాగెను. (పలకలకు పేరొందిన మార్కాపురమువారమైన మనకు, పలక పట్టిన చేయి యేమి చేయగలదో తెలియుటకు పొరుగుజిల్లా వంక జూడవలసివచ్చినది.) రాత్రిబడిలో గూర్చున్న కూలిస్త్రీలు, సారా అంగడి మూయించిన సీతమ్మ కథను పాఠముగా జదివిరి, తమ బాధలు ఒకరితోనొకరు చెప్పుకొనిరి. ఒక్కొక్కతె తన దురదృష్టమనుకొన్నది అందఱి యిండ్ల కథయేయని తేలెను. నా యభిప్రాయమున ఉద్యమము పుట్టినది అప్పుడే. తక్కినదంతయు దాని పర్యవసానము.

1992లో కలిగిరి మండలమందలి దూబగుంటలో వర్ధినేని రోశమ్మ మొదలగు స్త్రీలు తమ యూరి సారా అంగడిని మూయించిరి. ఆ విజయము ‘ఆడవాళ్లు ఏకమైతే’ యను పాఠమై తక్కిన గ్రామములకు బోయెను. స్త్రీలు సారా బండ్లనడ్డగించిరి, ప్యాకెట్లను వీథిలో పాఱబోసిరి. సారా వేలములు మాటిమాటికి వాయిదాపడెను. 1993 ఏప్రిలులో నెల్లూరు జిల్లాయందును, అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను సారా నిషిద్ధమయ్యెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. దానిని 1997లో సడలించిరి.

ఈ స్త్రీలలో అనేకులు దళితులు, వెనుకబడిన కులములవారు. కులసభ సంచికలో నీ మాట వ్రాయుట యించుక యిబ్బందికరమే. పెద్దమనుషులు చావడిలో గూర్చుండి యెన్ని తగవులు తీర్చలేదు? ఆడుబిడ్డ తగవు వచ్చినప్పుడు మాత్రము ‘సర్దుకొనిపొమ్ము’ అని యామెను మరల ఆ గడపకే పంపుట తీర్పుగా నుండెను. అక్కడ బల్లపై గూర్చున్నవారిలో స్త్రీ యొక్కతెయు లేదు. మన కార్యవర్గమున నేడెందఱున్నారో ఈ సంచికలోని పట్టికయే చెప్పును.

ఆ యుద్యమము వెనుకనే నెల్లూరు జిల్లాలో స్త్రీలు పొదుపులక్ష్మి సంఘములుగా గూడి, దినమునకొక్క రూపాయి చొప్పున కూడబెట్టనారంభించిరి.