ఎక్స్‌గ్రేషియా దయ, పరిహారం హక్కు: కేసు కాగితాల్లోని లాటిన్ మాటలు

కార్వేటినగరం మండలంలోని ఒక ఆదిఆంధ్రవాడలో ఈ మధ్య ఒక పెద్దమ్మ కోర్టు ఉత్తర్వు నకలు తెచ్చి మా ముందు పెట్టింది. ఆమె కొడుకు మీద దాడి జరిగిన కేసు అది. డిగ్రీ చదువుతున్న మనవరాలు కాగితమంతా చదివి చెప్పగలిగింది గానీ, 'ప్రైమా ఫేసీ' అన్న మాట దగ్గర ఆగిపోయింది. 'రాసిండేది మనకు అనుకూలమా, ఎదురా నాయనా?' అని పెద్దమ్మ అడిగింది. నిందితుల ముందస్తు బెయిలు ఆ ఒక్క మాట మీదే తేలింది.

కోర్టు మాటలు మన వాడలకు కొత్త కాదు. వకాల్తా, జప్తు, రాజీ, నకలు, హాజరు లాంటివి పారశీ, అరబ్బీల నుంచి వచ్చి తెలుగైపోయాయి. ఒకప్పుడు జమీందారీ కేంద్రమైన కార్వేటినగరం, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా ఉత్తర ఆర్కాటులో ఉండేది. మద్రాసు ప్రెసిడెన్సీ కోర్టుల ఇంగ్లీషుతో పాటే లాటిన్ కూడా ఇక్కడికి వచ్చింది, కానీ అది తెలుగు కాలేదు. ఇంగ్లండులో 1999 నాటి సివిల్ కోర్టు సంస్కరణలు చాలా లాటిన్ మాటలను తీసేసి మామూలు ఇంగ్లీషు పెట్టాయి. మన కోర్టుల్లో అవి ఇంకా నడుస్తూనే ఉన్నాయి. అట్రాసిటీ కేసుల్లో, భూమి కేసుల్లో తరచుగా ఎదురయ్యే కొన్నింటికి అర్థమేమిటో, వాటివల్ల మన కేసు ఎటు తిరుగుతుందో ఇక్కడ చెబుతున్నాం.

ఎక్స్‌గ్రేషియా

వాడలో అందరికీ తెలిసిన లాటిన్ మాట ఇది. దీని అర్థం 'దయతో'. చట్టప్రకారం ఇవ్వాల్సిన బాధ్యత లేకపోయినా ప్రభుత్వం ఇచ్చే సొమ్ము ఇది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద బాధితులకు వచ్చే సొమ్మును కూడా పేపర్లు, నాయకులు ఇదే పేరుతో పిలుస్తుంటారు. అది తప్పు. 1995 నిబంధనల్లోని రూల్ 12(4) ప్రకారం అది చట్టబద్ధమైన సహాయం, పరిహారం. 2016 సవరణ ప్రకారం నేరాన్ని బట్టి 85 వేల నుంచి 8.25 లక్షల రూపాయల దాకా ఇవ్వాలి. హత్య కేసులో పోస్టుమార్టం తర్వాత సగం, చార్జిషీటు కోర్టుకు వెళ్లాక మిగతా సగం ఇవ్వాలి. చాలా నేరాల్లో ఎఫ్ఐఆర్ దశలో కొంత, చార్జిషీటు దశలో కొంత, శిక్ష పడ్డాక మిగిలింది ఇస్తారు. దయ అనుకున్నవాళ్లు ఇచ్చినంత తీసుకుని ఊరుకుంటారు. హక్కని తెలిసినవాళ్లు రెండో విడత ఎప్పుడని అడుగుతారు.

ప్రైమా ఫేసీ

'మొదటి చూపుకు' అని అర్థం. సాక్ష్యాలను లోతుగా తూచకుండా, ఫిర్యాదులో రాసింది నిజమే అనుకుంటే నేరం కనిపిస్తోందా లేదా అని చూడటం. అట్రాసిటీ చట్టంలోని సెక్షన్ 18 ముందస్తు బెయిలును అడ్డుకుంటుంది. 2018లో సుప్రీంకోర్టు తీర్పు చట్టాన్ని బలహీనపరిచాక దేశమంతా ఉద్యమం లేచింది, పార్లమెంటు 18ఏ తెచ్చింది. దాన్ని సమర్థిస్తూ 2020లో ఇచ్చిన తీర్పులోనే సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది: ఫిర్యాదులో ప్రైమా ఫేసీగా నేరం కనిపించకపోతే ఆ అడ్డు వర్తించదు. అందుకే మొదటి ఫిర్యాదులోనే ఎవరు, ఎక్కడ, ఏమన్నారు, ఎవరెవరు చూస్తుండగా జరిగింది అన్నవి రాయించాలి. కులం పేరుతో దూషించిన కేసుల్లో 'నలుగురి కంటపడేచోట' జరిగిందన్నది తప్పనిసరి.

పెద్దమ్మ కాగితంలో ప్రైమా ఫేసీగా నేరం కనిపిస్తోందనే రాశారు. అనుకూలమేనని చెప్పాం. అయితే అది నేరం రుజువైనట్టు కాదని, విచారణలో సాక్షులు నిలబడాలని కూడా చెప్పాం.

మెన్స్ రియా

'నేరపూరిత మనసు'. చేసిన పనితో పాటు చేసినవాడి ఉద్దేశాన్ని, ఎరుకను కూడా చూడటం. అట్రాసిటీ కేసులు చాలా వరకు ఇక్కడే పడిపోయేవి. పదేళ్లు అంతకు మించి శిక్ష పడే నేరం దళితుల మీద జరిగితే సెక్షన్ 3(2) జీవిత ఖైదు విధిస్తుంది. పాత చట్టం ప్రకారం బాధితులు దళితులు 'అనే కారణంగా' నేరం జరిగిందని రుజువు చేయాలి. కర్నూలు జిల్లా నుంచి వెళ్లిన ఒక కేసులో 2021లో సుప్రీంకోర్టు అంధురాలైన దళిత యువతిపై అత్యాచారానికి శిక్షను ఖాయం చేసింది. కానీ ఆ నేరం కులం కారణంగానే జరిగిందన్న రుజువు లేదని అట్రాసిటీ శిక్షను కొట్టేసింది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ఆ మాటలను మార్చింది. దళితులని 'తెలిసి' చేస్తే చాలు. బాధితులనో వాళ్ల కుటుంబాన్నో నిందితుడు వ్యక్తిగతంగా ఎరిగి ఉంటే, కులం కూడా తెలుసనే కోర్టు భావించాలని 8(సి) చెబుతోంది. ఒకే ఊరివాళ్ల కేసుల్లో ఇది పెద్ద ఆయుధం.

ఆడి ఆల్టరమ్ పార్టెమ్, ఎక్స్ పార్టీ

మొదటిదానికి 'అవతలివాళ్ల మాట కూడా విను' అని అర్థం. రెండోది 'ఒక పక్షం నుంచే', అంటే రెండో పక్షం లేకుండా జరిగే విచారణ. అట్రాసిటీ కేసులో బాధితులు ప్రేక్షకులు కారు. సెక్షన్ 15ఏ ప్రకారం బెయిలు విచారణతో సహా ప్రతి దశలో వాళ్లకు నోటీసు రావాలి, వాళ్ల మాట వినాలి. ఆ నోటీసు ఇవ్వలేదన్న కారణంతో 2021లో సుప్రీంకోర్టు ఒక బెయిలును రద్దు చేసింది. నోటీసు లేకుండా బెయిలు వచ్చిందని తెలిస్తే ఈ సెక్షన్ పట్టుకోండి.

హేబియస్ కార్పస్, మాండమస్

రాజ్యాంగంలోని 32వ అధికరణమే వీటిని పేరుపెట్టి చెప్పింది. ఆ అధికరణాన్ని రాజ్యాంగానికి ఆత్మ, గుండెకాయ అన్నారు అంబేడ్కర్. హేబియస్ కార్పస్ అంటే పట్టుకెళ్లిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మనడం. మాండమస్ అంటే 'ఆదేశిస్తున్నాం' అని. చట్టం చెప్పిన పని అధికారి చేయనప్పుడు చేయమని ఇచ్చే ఉత్తర్వు ఇది. పాకీపని నిర్మూలన కోసం సఫాయి కర్మచారీ ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. దాన్ని నడిపిన బెజవాడ విల్సన్ చిత్తూరు జిల్లా సరిహద్దుకు దగ్గర్లోని కోలార్ బంగారు గనుల తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. మురుగుకాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని 2014లో తీర్పు వచ్చింది. 2023లో కోర్టు దాన్ని 30 లక్షలకు పెంచింది.

స్టేటస్ కో, స్టేటస్ కో ఆంటే

డీకేటీ పట్టా భూముల తగాదాల్లో ఈ రెండింటి మధ్య తేడా తెలియాలి. స్టేటస్ కో అంటే ఇప్పుడున్న స్థితి కదలకూడదని. నిన్న రాత్రే మీ భూమిలో అవతలివాళ్లు కంచె వేసి ఉంటే, ఈ ఉత్తర్వు ఆ కంచెనే కాపాడవచ్చు. స్టేటస్ కో ఆంటే అంటే తగాదాకు ముందున్న స్థితికి తిరిగి తెమ్మని. మీకు కావలసింది ఏదో వకీలుకు ముందే చెప్పండి.

రేషియో డెసిడెండై, ఓబిటర్ డిక్టా

ఇవి విద్యార్థుల చర్చల్లో ఎక్కువగా వినిపిస్తాయి. తీర్పుకు ఆధారమైన కారణం రేషియో, అది కింది కోర్టులను కట్టిపడేస్తుంది. మాటవరసకు చెప్పింది ఓబిటర్, దానికి ఆ బలం లేదు. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6-1తో ఎస్సీల ఉపవర్గీకరణకు అనుమతిచ్చి, ఆంధ్రప్రదేశ్ చట్టాన్ని కొట్టేసిన 2004 నాటి చిన్నయ్య తీర్పును తోసిపుచ్చింది. అది రేషియో. అదే తీర్పులో నలుగురు న్యాయమూర్తులు క్రీమీలేయర్ గురించి కూడా రాశారు. ధర్మాసనం ముందున్న ప్రశ్న అది కాదు కాబట్టి ఆ భాగం ఓబిటర్ అనే వాదన బలంగా ఉంది. ఉపవర్గీకరణ మీద మన అభిప్రాయం ఏదైనా, తీర్పు గురించి మాట్లాడేటప్పుడు ఈ రెంటినీ కలపకూడదు.

అడిగే అలవాటు

'పోలీసులు అరెస్టు చేస్తే' పుస్తకంతో బొజ్జా తారకం చట్టాన్ని తెలుగులో మామూలు మనుషుల చేతికిచ్చారు. ఆ పని ప్రతి వాడలో జరగాలి. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకున్న పోలీసు అధికారి, సంతకం పెట్టించే ముందు దాన్ని చదివి వినిపించాలని సెక్షన్ 4 చెబుతోంది. నకలు కూడా ఇవ్వాలి. వకీలును కూడా అలాగే అడగవచ్చు: 'ఈ మాట తెలుగులో చెప్పండి సార్.'

మేం లేచే ముందు పెద్దమ్మ మరో మాట చెప్పింది. ఎక్స్‌గ్రేషియా ఒకసారి వచ్చిందట, సర్కారు దయ తలచి ఇచ్చిందనుకుందట. చార్జిషీటు పడి చాలా కాలమైనా రెండో విడత గురించి ఎవరూ అడగలేదు. మనవరాలు అప్పుడే కాగితం తీసి, జిల్లా విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీ అధ్యక్షులైన కలెక్టరు గారికి అర్జీ రాయడం మొదలుపెట్టింది. 'దయచేసి ఇప్పించగలరు' అని రాసి, కొట్టేసింది. దాని పైన 'రూల్ 12(4) ప్రకారం మాకు రావలసినది' అని రాసింది.