యింటి సారా, గుత్తేదారు సారా

తాగుడును కుటుంబం నుంచే నివారించాలనే కార్యక్రమాలు యీనాడు దేశదేశాలకు ప్రయాణం కడుతున్నాయి. వాటిలో ప్రసిద్ధమైనదాన్ని 1980ల ఆరంభంలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో కరోల్ కంఫర్ రూపొందించింది. మొత్తం 14 పాఠాలు. తల్లిదండ్రులకు వేరుగా, పిల్లలకు వేరుగా చెప్పి, తర్వాత అందరినీ కలిపి కూర్చోబెడతారు. ఒక సమాజానికి రాసిన పాఠం మరొక సమాజానికి పనికివస్తుందా అనే సందేహం ఆమెకే కలిగింది. స్థానిక సంస్కృతికి తగినట్టు మారిస్తే చివరిదాకా నిలిచే కుటుంబాలు 40 శాతం వరకు పెరగవచ్చుననీ, అయితే మార్పు పేరుతో పాఠాలు తగ్గించి అసలు విషయాన్ని వదిలేస్తే ఫలితం తగ్గుతుందనీ 2002లో ఆమే, ఆమె సహచరులూ రాశారు.

ఆ అసలు విషయం ఏది? జవాబు మన చరిత్రలోనే వున్నదని నా అభిప్రాయం.

1879లో రంప మన్యం తిరగబడింది. ముఖ్య కారణాలలో ఒకటి కల్లు. యింటి వాడకానికి చెట్టు గీసుకోవడం కూడా అబ్కారీ నిబంధనల కింద నేరమైంది, మన్సబుదారు కల్లు రాబడిని గుత్తకిచ్చాడు, పైన చిగురుపన్ను. కల్లు కోసం తిరుగుబాటేమిటని నవ్వే పట్నవాసులున్నారు. వాళ్లకు గుత్తేదారు కనపడడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అక్షరాస్యతా ఉద్యమపు వాచకంలో సీతమ్మ కథ చదివారు. అది తమ కథే అనుకున్నారు. మగవాడి కూలిడబ్బు పొద్దుగూకేసరికి పాటదారు పెట్టెలో పడడం వాళ్లకు ఎవరో వచ్చి బోధించనక్కరలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ నిషేధం. 1997లో అది సడలిపోయింది. ఖజానాకు రాబడి కావలసివచ్చింది మరి!

ఒకరు తాగే హక్కు కోసం, ఒకరు తాగుడు మాన్పించడం కోసం. యిద్దరికీ ఎదురుగా నిలిచినవాడు మాత్రం ఒక్కడే.

యిప్పుడు కాటారం సంగతి. 2016 దాకా కరీంనగర్ జిల్లాలో వుండి, ఆ తర్వాత భూపాలపల్లిలో చేరిన అటవీప్రాంతమిది. ఎండాకాలం మొదట్లో యిప్పపువ్వు ఏరడం, ఎండబెట్టడం, కొంత అమ్మడం, కొంత సారా కాయడం గూడేల బతుకులో భాగం. ఆ సారాలో మొదటి చుక్క దేవరకు. అటువంటి యింటి పిల్లవాడితో “సారా ముట్టినవాడు చెడ్డవాడు” అని చెప్పే పాఠం వాడి నాయనమ్మను దోషిని చేస్తుంది. ఆ యింటి గడపలో దానికి చోటుండదు. నెల్లూరు కథను యథాతథంగా తెచ్చినా యింతే.

అలాగని “వాళ్ల సంస్కృతి, మనకెందుకు” అని తప్పుకునేవాళ్లతోనూ నేను ఏకీభవించను. (మన అభ్యుదయ మిత్రులలోనూ వీళ్లు తక్కువేమీ కాదు.) పండుగనాటి దొప్పెడు వేరు, రోజూ బెల్టుషాపులో అప్పు పెట్టే సీసా వేరు. ఆ సీసాకు టోకు వర్తకం చేసేది రాష్ట్ర సంస్థే. సారా ఏదైనా దెబ్బలు తినే ఆడదానికి యీ తేడా ఓదార్పు కాదు. అందుకే పాఠం ఆమె దగ్గర మొదలుకావాలి. దేవరకెంత, అమ్మకానికెంత, సీసా యింట్లోకి ఏ ఏడు వచ్చింది, కూలిడబ్బు ఎవరి చేతిలో వుంటున్నది? సారా కాచే ఆ చేతులవాళ్లే యీ లెక్క చెప్పగలరు. పాఠం రాసేవాడు ముందు పలక పట్టుకొని వాళ్ల ముందు కూర్చోవాలి.